పండుమ్‌లో అడవిదున్న కొమ్ములు

2025 ఏప్రిల్ ఎండల్లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడలో బస్తర్ పండుమ్ ముగింపు వేడుకలు జరిగాయి. గోండి భాషలో ‘పండుమ్’ అంటే పండుగే; తెలుగు మాటకు అది ఎంత దగ్గరి చుట్టమో వేరే చెప్పనక్కరలేదు. బస్తర్ వేడుకల్లో అన్నిటికంటె ఆత్రంగా ఎదురుచూడదగినది దండామి మాడియా ఆదివాసుల గౌర్ నృత్యం. గౌర్ అంటే అడవిదున్న. మగవారు కొమ్ములు, ఈకలు అమర్చిన తలపాగాలు ధరించి, ముఖాన గవ్వల పేటలు ముసుగులా వేలాడుతుండగా, మెడకు తగిలించుకొన్న పెద్ద డోళ్లు వాయిస్తూ, పోట్లాడే దున్నల్లా కొమ్ములు విసురుకొంటారు. స్త్రీలు మువ్వలు కూర్చిన కర్రలను అడుగడుగునా నేలకు తాటించి, ఆ దరువుకు గలగలల లయ జోడిస్తారు. ఊరి పెళ్లిళ్లలో తీరికగా సాగే ఈ ఆటకు పండుమ్ వేదికపై దొరికే కొద్ది నిమిషాలు చాలవు. నిర్వాహకులు దానికి మరింత వ్యవధి కేటాయించాలి.