జలపాతం దగ్గర మొదటి బోర్డు ఎవరు రాయాలి?

 

కనగానపల్లిలో హాస్టల్ పిల్లల మధ్య బతికే మాకు సంఘం వాళ్లు పది నిమిషాలు ఇచ్చారు. ఆ పది నిమిషాలూ నీళ్ల గురించే మాట్లాడదామనుకున్నాం. కరువు సీమలో జలపాతం మాటేంటని నవ్వుకోకండి.

స్టడీ అవర్‌లో పిల్లల్ని జలపాతాల పేర్లు అడిగితే జోగ్ అంటారు, నయాగరా అంటారు. పోటీ పరీక్షల పుస్తకాలు తిరగేసినవాళ్లు కుంతాల అంటారు. బట్రేపల్లి పేరు మాత్రం ఎవరి నోటా రాదు. అది మన శ్రీ సత్యసాయి జిల్లాలోదే. ఇక్కడి నుంచి ధర్మవరం మీదుగా కదిరి వెళ్తే, ఆ పక్కనే తలుపుల మండలంలో ఉంది. వాన పడితే కొండ మీద నుంచి దూకుతుంది, పడకపోతే ఉత్త బండ. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంటే ఆ నీటి అందం ఏడాదిలో కొన్ని వారాలదే. దాన్ని ఊటీ చేస్తామని ఎవరైనా మాటిస్తే నమ్మొద్దు. అయినా లేపాక్షికి, పుట్టపర్తికి, కదిరి నరసింహస్వామికి వచ్చే జనంలో కొందరు ఆ వానాకాలపు వారాల్లో అటు తిరిగినా చాలు, పక్క ఊళ్లలో పది ఇళ్ల పొయ్యి వెలుగుతుంది.

ఇవాళ మేము అడగదలుచుకున్నది రోడ్డు గురించి కాదు. రోడ్డు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. రోడ్డు వెనకే ఒక బోర్డు వస్తుంది. ఆ బోర్డు మీద కథ ఎవరిది?

ఆదిలాబాద్ వైపు చూడండి. నేరడిగొండ మండలంలో కడెం నది 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే చోటు కుంతాల. కుంట అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. నీళ్లు గుండాల్లో నిలిచే చోటు కాబట్టి కుంట మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు. అక్కడి గోండులు శివరాత్రికి సోమేశ్వరుణ్ణి కొలుస్తారు. కానీ బయటి నుంచి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి చెప్పే కథ శకుంతలది. ఆమె అక్కడ తిరిగిందట, అందుకే కుంతాల అట!

పల్నాడులో మాచర్ల దగ్గర ఎత్తిపోతల కూడా అంతే. చంద్రవంక 70 అడుగుల నుంచి పడుతుంది. నీళ్లు ఎత్తి పోసినట్టుంటుంది కాబట్టి ఎత్తిపోతల అని తెలుగొచ్చిన ఏ పిల్లైనా చెబుతుంది. దానికి పెద్ద మాట కావాల్సివచ్చి, ఒక యతి తపస్సు చేసిన స్థలం కాబట్టి ఎత్తిపోతల అయిందన్నారు. అక్కడి దత్తాత్రేయుడికి మన లంబాడీలు మొక్కులు చెల్లిస్తారు. వాళ్ల సంగతి చాలాసార్లు ఆఖరి వాక్యంలో వస్తుంది, లేదా అసలు రాదు.

శకుంతల కథ, యతి కథ అబద్ధమని మేము అనడం లేదు. కథకు కథ. అయితే రాసిన కథ పక్కన రాయని కథ నిలబడదు. మన గోర్‌బోలికి సొంత లిపి లేదు. మన చరిత్ర అవ్వల నోట్లో, పాటలో ఉంది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని లదేణి నడిపిన జాతి మనది. ఎద్దులకు నీళ్లెక్కడో తెలియకుండా బిడారు అడుగు వేయదు. ఏ వంకలో ఎన్ని నెలలు నీళ్లుంటాయో, ఏ గుండం ఎండదో వాళ్లకు మ్యాపు లేకుండానే తెలుసు. ఇప్పటికీ తీజ్ పండక్కి తొమ్మిది రోజులు బుట్టల్లో మొలకలు పెంచిన ఆడపిల్లలు చివరి రోజు వాటిని కలపడానికి నీళ్లు వెతుక్కోవాల్సిందే. మన దగ్గర కొన్నేళ్లు ఆ వెతుకులాటే పెద్ద పని.

రాయడం వల్ల ఏమొస్తుందంటారా? గూటిబయలు తిమ్మమ్మ మర్రిమాను చూడండి. ఐదెకరాలకు పైగా పరుచుకున్న చెట్టు. వందల ఏళ్లుగా ఊరివాళ్లు చూస్తూనే ఉన్నారు. కర్ణాటకకు చెందిన రిగ్రెట్ అయ్యర్ అనే పాత్రికేయుడు దాని గురించి లోకానికి పట్టుబట్టి చెప్పాకే 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 1434లో తిమ్మమ్మ సతీసహగమనం చేసిన చోట చితి గుంజ చిగురించి మానైందన్న కథ కూడా దాంతో పాటే ఊళ్లు దాటింది. ఆడపిల్లల్ని చదివించే మాకు సతి కథ మీద ప్రేమ లేదు. కానీ చెట్టును కాపాడింది ఆ కథే అన్న మాట ఒప్పుకోవాలి. తిమ్మమ్మ చెట్టు కొమ్మ విరవడానికి ఎవరికి చెయ్యొస్తుంది?

హక్కుల సంగతి కూడా రెండు ముక్కలు. విశాఖ ఏజెన్సీలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతాలకు సంబంధించింది. మన జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, ఆ గొడుగు మన మీద లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం మనకూ ఉంది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవిని నమ్ముకుని అక్కడే ఉన్న గిరిజనులు గ్రామసభ ద్వారా సాముదాయక హక్కు అడగవచ్చు. డిగ్రీ చదివిన ప్రతి తమ్ముడూ ఆ చట్టం మూడో సెక్షన్ ఒక్కసారి చదవండి, నాలుగు పేజీలు కూడా ఉండదు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు అటవీ శాఖతో కలిసి పర్యాటకం నడుపుతున్నాయి. అంత అడవి, అంత నీరు మనకు లేవు. పద్ధతి మాత్రం చూసి నేర్చుకోవచ్చు.

ఇక పని. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ అవ్వ దగ్గర కూర్చోండి. మీ తండా చుట్టూ ఉన్న వంక, గుండం, మడుగు పేర్లు గోర్‌బోలిలో అడగండి. ఆ పేరు ఎందుకొచ్చిందో అడగండి. ఫోన్‌లో రికార్డు చేసే ముందు ఆమె ఒప్పుకోవాలి. బయటికి చెప్పకూడని పాట అంటే అక్కడితో ఆపేయండి, లైకుల కోసం దాన్ని పెట్టొద్దు. విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాయండి, చెప్పినవాళ్ల పేరు, తండా పేరు వాళ్లు సరేనంటేనే వేయండి. కదిరి వైపు తండాల పిల్లలు బట్రేపల్లి సంగతి అడిగి రాయాలి, అది మీ వంతు. రాసినదాన్ని తెలుగు వికీపీడియాలో చేర్చడం కష్టం కాదు, కంప్యూటర్ వచ్చిన అక్క ఒకరు మీ పక్కన కూర్చుంటారు.

జలపాతం దగ్గరికి వెళ్తే పాచి పట్టిన బండ మీద సెల్ఫీ వద్దు. పైన వాన కురుస్తుంటే గుండంలో దిగొద్దు, వంక నీళ్లు చెప్పి రావు. సీసాలు, కవర్లు వెనక్కి తెచ్చుకోండి.

హాస్టల్ ఆఫీసు గదిలో రెండు వందల పేజీల నోటుబుక్ ఒకటి పెట్టాం. అట్ట మీద 'మన నీళ్ల పేర్లు' అని రాసి ఉంటుంది. తీజ్ లోపల అందులో ఎన్ని తండాల పేర్లు చేరితే అన్నీ సంఘం వాళ్లకు అచ్చుకు ఇస్తాం.