తీసివేతలో అప్పు లేదు, చిల్లర ఉంది



ఇది కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఇక్కడ తెల్లారేసరికి ఒడ్డున చేపల బేరం మొదలవుతుంది. గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగే అమ్మకు ఎన్ని లెక్కలో! కొన్నది ఎంత? అమ్మింది ఎంత? ఆటోకు ఎంత పోయింది? చేతిలో ఎంత మిగిలింది? ఇవన్నీ ఆమె నోటితోనే తేల్చేస్తుంది.

అదే అమ్మను ఐదో తరగతి చదివే గుంటడు, "అమ్మా, ఈ తీసివేత నాకు రావట్లేదు" అని అడిగితే ఏమంటుంది? "నాకేటి తెలుసురా? మీ మాస్టార్ని అడుగు" అంటుంది.

ఆ మాట నిజం కాదు. తీసివేత అమ్మకు తెలుసు. ఆమె రోజూ చేసేది అదే. నోటితో చేసే ఆ లెక్కను పలక మీద పెట్టడమే మిగిలింది. అక్షరాలు, అంకెలు నేర్చుకున్నారు కాబట్టి అదీ ఇప్పుడు మీకు కష్టం కాదు.

తీసివేత చిన్న లెక్కే కదా అనుకోవద్దు. ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువు చూస్తోంది. దాన్ని అసర్ సర్వే అంటారు. అందులో రెండంకెల తీసివేత కూడా అడుగుతారు. 2022లో మన దేశపు పల్లెల్లో మూడో తరగతి పిల్లలు సుమారు నలుగురిలో ఒకరే ఆ లెక్క చేయగలిగారు. మూడులో రానిది ఐదులో దానంతట అదే రాదు. తీసివేత రాకపోతే భాగహారం రాదు. భాగహారంలో ప్రతి మెట్టులోనూ తీసివేత ఉంది. అలా లెక్కలంటే భయం పట్టుకుంటుంది. భయం పెరిగితే బడి మీద మనసు పోతుంది. "దీనికి చదువు రాదు, ఇంట్లో ఉండనీ" అనే మాట ముందు ఆడపిల్ల మీదే పడుతుంది.

మరి పిల్లలు ఎక్కడ తప్పుతున్నారు? ఒక లెక్క చూడండి. 503లోంచి 278 తీసేయాలి. చాలామంది పిల్లలు 375 అని రాస్తారు. ఎలా వచ్చింది? మూడులోంచి ఎనిమిది పోదు. అందుకని ఎనిమిదిలోంచి మూడు తీసేశారు. సున్నలోంచి ఏడు పోదు. అందుకని ఏడు అలాగే దించేశారు. పైదా, కిందిదా అని చూడలేదు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశారు. ఆ పిల్లకు బుర్ర లేక కాదు. పైన అంకె చాలకపోతే ఏం చేయాలో తెలియక అలా చేసింది. అందుకే తప్పు చూడగానే తిట్టకండి. "ఎలా చేశావమ్మా, చెప్పు" అని అడగండి. చెబుతుంటే తప్పు ఎక్కడుందో బయటపడుతుంది.

పైన అంకె చాలనప్పుడు "పక్క నుంచి అప్పు తెచ్చుకో" అని చెప్పడం అలవాటు. ఈ మాట దగ్గరే తికమక వస్తుంది. అప్పు అంటే ఏమిటో మీకు తెలుసు. తెస్తే తీర్చాలి. మరి తీసివేతలో తెచ్చిన అప్పు ఎప్పుడు తీరుస్తారు? తీర్చరు. ఎందుకంటే అది అప్పు కాదు. నోటు మార్చి చిల్లర చేసుకోవడం.

లెక్కల్లో అసలైన అప్పు వేరే ఉంది. 628లో బ్రహ్మగుప్తుడు అనే పండితుడు ఉన్న సొమ్మును ధనం, తీర్చాల్సిన అప్పును ఋణం అని పేరు పెట్టి, వాటిని కూడడానికి, తీసేయడానికి నియమాలు రాశాడు. పై తరగతుల్లో పిల్లలు చదివే ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలు అవే. ఆ అప్పు సంగతి తర్వాత. ఇప్పుడు చిల్లర సంగతి చూద్దాం.

మీ దగ్గర 52 రూపాయలు ఉన్నాయి. అంటే ఐదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు. 27 రూపాయలు ఇవ్వాలి. బిళ్ళలు ఏడు కావాలి. ఉన్నవి రెండే. ఏం చేస్తారు? ఒక పది నోటు మార్చి పది బిళ్ళలు తెస్తారు. ఇప్పుడు నోట్లు నాలుగు, బిళ్ళలు పన్నెండు. సొమ్ము పెరిగిందా? లేదు. తగ్గిందా? లేదు. అదే 52. పన్నెండు బిళ్ళల్లో ఏడు ఇస్తే ఐదు మిగిలాయి. నాలుగు నోట్లలో రెండు ఇస్తే రెండు మిగిలాయి. మొత్తం 25.

ఇంట్లో బిళ్ళలు లేకపోతే చీపురు పుల్లలు చాలు. పదేసి పుల్లలు ఒక కట్ట కట్టండి. పదులు అంటే కట్టలు. ఒకట్లు అంటే విడి పుల్లలు. పుల్లలు చాలనప్పుడు ఒక కట్ట విప్పాలి. కట్టను పిల్ల చేతే విప్పించండి. విప్పిన వెంటనే పలక మీద ఆ మార్పు రాయించండి. చేసిందీ రాసిందీ ఒకటేనని పిల్లకు అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు ఆ సున్న లెక్క. 503 అంటే ఐదు వంద నోట్లు, మూడు బిళ్ళలు. పది నోట్లు లేవు. బిళ్ళలు ఎనిమిది కావాలి. ముందు ఒక వంద మార్చండి. పది పది నోట్లు వస్తాయి. అందులో ఒక పది మార్చండి. పది బిళ్ళలు వస్తాయి. ఇప్పుడు వందలు నాలుగు, పదులు తొమ్మిది, బిళ్ళలు పదమూడు. పదమూడులోంచి ఎనిమిది పోతే ఐదు. తొమ్మిదిలోంచి ఏడు పోతే రెండు. నాలుగులోంచి రెండు పోతే రెండు. జవాబు 225. సున్న పక్కన తొమ్మిది ఎక్కడిదని పిల్ల అడిగితే, పదిలో ఒకటి మార్చేశాం కదా, మిగిలినవి తొమ్మిది అని చూపించండి.

మీరు రోజూ చేసే తీసివేత ఇంకొకటి ఉంది. కొన్న మనిషి 500 ఇచ్చింది. చేపల ధర 278. మీరేం చేస్తారు? పలక మీద రాయరు. 278కి రెండు కలిపితే 280. ఇరవై కలిపితే 300. రెండు వందలు కలిపితే 500. తిరిగి ఇచ్చేది 222. ఇదీ తీసివేతే. కూడుకుంటూ వెళ్ళి తేడా పట్టుకోవడం. ఈ పద్ధతి కూడా పిల్లలకు నేర్పండి. "ఎంత మిగిలింది?" అన్నా, "తేడా ఎంత?" అన్నా, "ఇంకా ఎంత కావాలి?" అన్నా చేసేది తీసివేతే.

జవాబు సరైనదో కాదో ఎవరినీ అడగక్కర్లేదు. వచ్చిన జవాబును, తీసేసిన సంఖ్యను కూడండి. 225, 278 కూడితే 503. సరిపోయింది. 375, 278 కూడితే 653. సరిపోలేదు. ముందు ఉజ్జాయింపు కూడా వేయించండి. ఐదు వందల్లో ఇంచుమించు మూడు వందలు పోతే రెండు వందల దగ్గర ఉండాలి కదా!

ఈ పని మీకూ ఉపయోగమే. షావుకారు దగ్గర 5,000 తెచ్చారు. 1,850 కట్టారు. బాకీ ఎంత? 3,150. వడ్డీ సంగతి వేరేగా అడిగి రాయించుకోండి. ఆయన చెప్పింది తలూపి వినడం వేరు, మీ పుస్తకంలో మీరే తీసివేసి చూసుకోవడం వేరు. మీరు లెక్క చూసుకుంటుంటే పక్కన కూర్చున్న పిల్ల కూడా చూస్తుంది. లెక్క బతుకులో పనికొస్తుందని దానికి అర్థమవుతుంది.

రోజుకు రెండు లెక్కలు చాలు. పావుగంట చాలు. ఒకటి పిల్ల చెయ్యాలి, ఒకటి మీరు చెయ్యాలి. తర్వాత పలకలు మార్చుకొని ఒకరిది ఒకరు కూడి చూడండి.

ఈ రాత్రికి ఇవి చెయ్యండి.

1. గంప చేపలు 650 రూపాయలకు కొన్నారు. 915 రూపాయలకు అమ్మారు. ఆటోకు 40 పోయింది. మిగిలింది ఎంత?

2. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. మధ్యలో ఎన్నేళ్ళు?

3. ఆంధ్ర రాష్ట్రం 1953లో ఏర్పడింది. తెలంగాణ రాష్ట్రం 2014లో ఏర్పడింది. మధ్యలో ఎన్నేళ్ళు? ఇందులో సున్న ఉంది. జాగ్రత్తగా మార్చండి. కూడుకుంటూ వెళ్ళి కూడా చెయ్యండి. రెండుసార్లూ ఒకటే జవాబు రావాలి.

జవాబులు ఇక్కడ ఇవ్వలేదు. కూడి చూసుకోండి. మీకే తెలుస్తుంది.