యంత్రమునకు కంచె



రైతు చేనికి కంచె వేయును. తిరుగు యంత్రమునకును కంచె వేయవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము శాసించినది. 1984 డిసెంబరులో భోపాలునందు విషవాయువు వేలాది ప్రాణములను బలిగొన్న పిమ్మట, 1987లో దానిని సవరించి, శిక్షణ నొసగుట యజమాని విధియనియు, అపాయము నెరుగుట కార్మికుని హక్కనియు స్పష్టపరచిరి. 2025 నవంబరు 21 నుండి 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి దాని స్థానమున అమలులోనికి వచ్చినది.

1948 చట్టమున విద్యుత్తుతో నడచు ఫ్యాక్టరీకి పదిమంది పనివారు చాలిరి. నూతన స్మృతిలో ఇరువదిమంది కావలెను. పల్లెలోని చిన్న బియ్యపుమిల్లు ఆ నిర్వచనమున కందదు. అయినను వ్రేలాడు కండువాను లాగుకొను బెల్టు పనివారిని లెక్కించి తిరుగదు. కావున యజమాని కంచె తొలగనీయరాదు. కార్మికుడు తిరుగు యంత్రమును తుడువరాదు. పరిహారము జమాఖర్చులో ఇముడును; తెగిన చేయి ఏ పద్దులోను ఇముడదు. చదువరాని కూలీకి ఈ నియమములు చదివి వినిపించుట గ్రంథాలయధర్మము.