ఆడిట్ సంతకం ఒక్కటే చాలదు

మా గ్రామ సంఘం తరపున ఆడిట్ గురించి నాలుగు మాటలు చెబుతాము.

మూడేళ్ల కిందట మా సంఘంలో లెక్క తేడా వచ్చింది. ముగ్గురు సభ్యులు కట్టిన కిస్తీలు, మొత్తం 18,000 రూపాయలు, పుస్తకంలో రాశారు గానీ బ్యాంకులో పడలేదు. ఆడిట్‌కి వచ్చినాయన క్యాష్ బుక్ చూసి సంతకం పెట్టి వెళ్లారు. బ్యాంకు స్టేట్‌మెంటు అడగలేదు. లీడర్లమై ఉండి మేమూ అడగలేదు, ఆ తప్పు మాది కూడా. సంగతి ముందుగా తెలిసిన నలుగురు పొదుపు కట్టడం ఆపేశారు. కూలికి పోయే అక్కలకు ఎవరూ చెప్పలేదు. వాళ్లు ఇంకో మూడు నెలలు కడుతూనే ఉన్నారు. డబ్బు అందరిదీ, తెలిసింది మాత్రం కొందరికే.

పెద్ద కంపెనీల్లోనూ ఇదే కథ. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు, లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. అప్పటిదాకా లోపలి కొద్దిమందికి తప్ప, షేర్లు కొన్న మామూలు జనానికి ఆ సంగతి తెలీదు. ఆ ఒక్కరోజులోనే షేరు ధర నాలుగో వంతు కూడా మిగల్లేదు.

ఆడిట్ చేసింది ప్రైస్ వాటర్‌హౌస్ అనే పేరున్న సంస్థ. ఆ షేర్లు అమెరికాలో కూడా అమ్మేవారు కాబట్టి అక్కడి నియంత్రణ సంస్థ విచారణ చేసింది. బ్యాంకు నిల్వల ధ్రువీకరణ కాగితాలను ఆడిటర్లు నేరుగా తెప్పించుకోకుండా, ఆ పని కంపెనీ వాళ్లకే వదిలేశారని 2011లో తేల్చింది. అంటే, ఎవరి లెక్క చూడాలో వాళ్ల చేతి కాగితాన్నే నమ్మారు.

అక్కా, ఆడిట్ ఉన్నది లీడరుకి తెలిసింది సభ్యురాలికీ తెలియడానికే. సరిగా జరగకపోతే, ముందు తెలిసినవాళ్లు తప్పుకుంటారు, తెలియనివాళ్లు మునుగుతారు. ఆ తర్వాత మంచి సంఘాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మా డబ్బు వసూలయింది. తర్వాత మేము మూడు తీర్మానాలు చేసుకున్నాం. స్టేట్‌మెంటు ఆడిటరే నేరుగా బ్యాంకు నుంచి తీసుకోవాలి. ప్రతి సభ్యురాలి పాస్‌బుక్‌ని సంఘం లెడ్జరుతో ఆమె ముందే సరిచూడాలి. ఆడిట్ రిపోర్టు మీటింగులో గట్టిగా చదివి వినిపించాలి, చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేటట్టు.

లెక్క అడిగితే లీడరు మీద అనుమానం అనుకోకండి. మమ్మల్ని అడగండి. అడిగితేనే మాకూ భయం ఉంటుంది, మీకూ ధైర్యం ఉంటుంది.