ఉక్కు ఊళ్లో మన కొట్టు



1917లో విదేశాల నుంచి తిరిగొచ్చాక బాబాసాహెబ్ బొంబాయిలో షేర్ల మదుపుపై సలహాలిచ్చే వ్యాపారం పెట్టారు. ఆయన అంటరానివాడని తెలిసి ఖాతాదారులు రావడం మానేశారు. కొలంబియాలో అర్థశాస్త్రం చదివిన మనిషి వ్యాపారం అలా మూతపడింది.

ఆన్‌లైన్ కొట్టుకు కులం ఉండదంటారు. కానీ అమ్మేవాళ్ల పేరు, చిరునామా చూపాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఇంటిపేరు, పేట పేరు చాలవా మనల్ని పోల్చుకోవడానికి?

అందుకే మొదటి కొట్టు జెమ్ పోర్టల్‌లో తెరవండి. అక్కడ కొనేవి ప్రభుత్వ సంస్థలు. 2012 కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి. మన భిలాయి ప్లాంటును నడిపే సెయిల్ కూడా అలాంటి సంస్థే.

ముందు ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి, రుసుము లేదు. సామాజిక వర్గం అడిగినచోట దాచకండి, ఇక్కడ అది మన హక్కు. ఈ వాటా కొని అమ్మే వర్తకులకు రాదు. కాబట్టి మీరే కుట్టిన యూనిఫారమో, చేతి తొడుగో, గడువులోగా ఇవ్వగల ఒక్క సరుకుతో మొదలుపెట్టండి.

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఈ ప్లాంటుకు మన పెద్దలు చెమట అమ్మారు. మనం సరుకు అమ్ముదాం.

జై భీమ్.