తడి తిండా, పొడి తిండా?
(కొండాపూర్‌లో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిలు, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద కుక్కల తిండి గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగితే మొదట నవ్వొచ్చింది. ఆలోచిస్తే నవ్వవలసిందేమీ లేదు. మన ప్రాంతంలో కుక్కపిల్లను ముచ్చటపడి తెచ్చేది పిల్లలు. వాళ్లు ఆఫీసుకో, అమెరికాకో వెళ్లిపోతే చూసుకునేది మనం. 2018లో జి.హెచ్.ఎం.సి. వారు ఈ కొండాపూర్‌లోనే కుక్కల కోసం ప్రత్యేకంగా ఒక పార్కు తెరిచారంటే ఇక్కడ వాటి సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు.

నేను డాక్టరును కాను. సర్వీసంతా లెక్కలు రాసినవాణ్ణి. నేను చేసిన ఒక తప్పు వల్ల తెలుసుకున్న సంగతులే మీకు చెబుతాను.

2019లో మా అబ్బాయి డల్లాస్ వెళుతూ తన స్పిట్జ్ కుక్కను మాకు అప్పగించాడు. పేరు రాజా. అప్పటికి దానికి పదేళ్లు, బరువు పది కిలోలు. పొడి తిండి బస్తా తెచ్చి గిన్నెలో పోసేవాణ్ణి. ఏ కంపెనీదైనా మనం ‘పెడిగ్రీ’ అనే అంటాం కదా, అదే. ఏడాది తర్వాత రాజా గిన్నె దగ్గరకు వచ్చి, వాసన చూసి, వెనక్కి పోవడం మొదలుపెట్టింది. అబ్బాయి మీద బెంగ అనుకున్నాను. తర్వాత మొండితనం అనుకున్నాను. “ఆకలేస్తే అదే తింటుంది” అని గిన్నె అలాగే ఉంచేవాణ్ణి. మూడు వారాల్లో ఎనిమిది కిలోలకు దిగింది. మా ఆవిడ పోరు పడలేక డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళితే, ఆయన నోరు తెరిచి చూపించారు. రెండు దవడ పళ్లు పుచ్చి, చిగుళ్లు వాచి ఉన్నాయి. నా నోట్లో కట్టుడు పళ్లు పెట్టుకుని, నమలలేక బాధపడుతున్న జీవిని మూడు వారాలు తిట్టాను. ఆ సంగతి ఇప్పటికీ మరచిపోలేను.

పళ్లు తీయించాక డాక్టరుగారిని అడిగాను: “తడిది మంచిదా, పొడిదా?” ఆయన చెప్పినదాని సారాంశం ఇది. రెంటికీ ముఖ్యమైన తేడా నీళ్లే. పొడి తిండిలో నీరు నూటికి పది పాళ్లు. డబ్బాలోనో పౌచ్‌లోనో వచ్చే తడి తిండిలో డెబ్బై అయిదు నుంచి ఎనభై పాళ్లు. అందుకే ప్యాకెట్ మీది మాంసకృత్తుల అంకెలను నేరుగా పోల్చకూడదు. పొడి దానిపై 24 శాతం, తడి దానిపై 8 శాతం అని ఉంటే పొడిదే బలం అనిపిస్తుంది. నీళ్లు తీసేసి లెక్క కడితే పొడిది 90లో 24, అంటే సుమారు 27 శాతం. తడిది 20లో 8, అంటే 40 శాతం.

ఇక ఖర్చు. పది కిలోల ముసలి కుక్కకు రోజుకు దాదాపు 500 కేలరీలు కావాలి. పొడి తిండి వంద గ్రాములకు సుమారు 350 కేలరీలు ఇస్తుంది. 140 గ్రాములు చాలు. తడి తిండి వంద గ్రాములకు 90 అనుకుంటే 550 గ్రాములు, అంటే 80 గ్రాముల పౌచ్‌లు ఏడు కావాలి. కాబట్టి కిలో ధర కాదు, రోజు ఖర్చు చూడండి. కేవలం పౌచ్‌ల మీద పెంచడం పెన్షనుతో అయ్యే పని కాదు. పైగా పౌచ్ మీద ‘కంప్లీట్’ అని ఉందో లేదో చూడాలి. ‘కాంప్లిమెంటరీ’ అని ఉంటే అది నంజుకోవడానికే, పూర్తి భోజనం కాదు.

పొడి తిండి ఇంతగా వ్యాపించడానికి కారణం కూడా ఆరోగ్యం ఒక్కటే కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికాలో తగరానికి కరువొచ్చి డబ్బాలు దొరకలేదు. అప్పుడు పొడిది పుంజుకుంది. కరకరలాడేది తింటే పళ్లు వాటంతటవే శుభ్రపడతాయని నేనూ నమ్మాను. మామూలు పొడి తిండితో ఆ భరోసా లేదు, బ్రష్షుతో తోమవలసిందే. మూత్రపిండాల జబ్బో, మూత్రంలో రాళ్లో ఉన్న కుక్కకు మాత్రం నీరు ఎక్కువ పోయే తడి తిండి మేలు చేస్తుంది. ఆ విషయం డాక్టరే తేల్చాలి.

మేము చివరకు మధ్యేమార్గం పట్టాం. పొడి తిండిని గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, పైన ఒక చెంచా తడిది కలిపేవాళ్లం. పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ వారం రోజుల్లో మార్చాం. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

మన ఎండలకు తడి తిండిని గంటకు మించి గిన్నెలో ఉంచకండి. తెరిచిన డబ్బాకు మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో వాడెయ్యండి. వానాకాలంలో పొడి తిండికి బూజు పడుతుంది. సంచీతో సహా మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచండి. తాగే నీళ్లు ఎప్పుడూ దగ్గర ఉండాలి.

మన అన్నం మాటేమిటని అడుగుతారు. కుక్కకు పిండిపదార్థాన్ని అరిగించుకునే శక్తి తోడేలుకంటే ఎక్కువని 2013లో జన్యు పరిశోధన తేల్చింది. అన్నం అరుగుతుంది, కానీ పెరుగన్నమొక్కటే సంపూర్ణాహారం కాదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, పాయసంలోని కిస్‌మిస్, చాక్లెట్ విషం. మనలో షుగర్ ఉన్నవారు తినే షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లో జైలిటాల్ ఉంటే అదీ ప్రమాదమే.

రాజా ఆ తర్వాత రెండున్నరేళ్లు బతికింది. మళ్లీ తొమ్మిదిన్నర కిలోలకు వచ్చింది. పోయేనాటి వరకు గిన్నె చప్పుడు వింటే తోక ఊపేది.

చివరగా ఒక్క మనవి. తడా పొడా అని ప్యాకెట్‌ను అడిగే ముందు కుక్క నోరు తెరిచి చూడండి, నెలకోసారి తూకం వేయండి. తిండి మానేస్తే మొండితనం అని తీర్పు చెప్పకండి. అది నోరులేని జీవి. మన నోటి బాధను మనం చెప్పుకోగలం, అది చెప్పుకోలేదు.