కయాత్సోలో కట్టెల బట్టీ

నేపుల్స్‌కు ఉత్తరంగా, వోల్టుర్నో నదీలోయకు ఎగువన ఒక గుట్టమీద కయాత్సో అనే చిన్న పట్టణమున్నది. జనం ఆరువేలకు మించరు. చుట్టూ ఆలివు తోటలు, ఊరిలో రాతి సందులు. దక్షిణ ఇటలీలో ఇటువంటి ఊళ్లు అనేకం. చదువుకున్న యువకులు ఉత్తరాది నగరాలకో, పరదేశాలకో తరలిపోగా, తాళాలు వేలాడే ఇళ్లు మిగిలిన ఊళ్లు. మన పల్లెల సంగతి ఎరిగిన శ్రోతలకు ఇది ప్రత్యేకించి వర్ణించనక్కరలేదు.

అటువంటి చోట 2012లో ఫ్రాంకో పేపె అనే ఆయన ఒక పిజ్జా భోజనశాల తెరిచారు. తాతనాటినుంచి వారిది పిండి పిసికి రొట్టె కాల్చే కుటుంబమే. ఇరుకు సందులోని పద్దెనిమిదవ శతాబ్దపు భవనాన్ని బాగుచేయించి, అందులో కట్టెల బట్టీ నిలిపారు. ఆ గోడల వయస్సుతో పోలిస్తే బట్టీ ఇంకా కొత్తదనే చెప్పాలి.

నేను వెళ్లిన సాయంకాలం సందులో జనం బారులు తీరి ఉన్నారు. లోపల నన్ను మొదట ఆకర్షించినది మంట కాదు, పిండి. యంత్రమన్నది లేదు. పొడుగాటి కొయ్యతొట్టిలో పిండిని చేతులతోనే మర్దిస్తారు. ఇన్ని పాళ్ల పిండికి ఇన్ని పాళ్ల నీరు అన్న స్థిరమైన లెక్క లేదు. ఆనాటి ఎండనుబట్టి, గాలిలోని తేమనుబట్టి చేయి నిర్ణయిస్తుంది. ఇది విని మన గృహిణులు నవ్వుకుంటారేమో! ఇడ్లీపిండి వైశాఖంలో ఎంతసేపటికి పొంగుతుందో, పుష్యంలో ఎంతసేపు పడుతుందో వారికి ఏ పుస్తకం చెప్పినది?

ఇక బట్టీ. గుమ్మటంలాగా కట్టి, లోపల ఒక ప్రక్కగా ఎండుకట్టెలు మండిస్తారు. మంట కప్పును నాకుతూ వాకిలివైపు వస్తుంది. క్రింద కాలిన గచ్చు రొట్టె అడుగును కాలుస్తుంది. పైనుంచి గుమ్మటపు సెగ అంచులను పొంగిస్తుంది. నేపుల్స్‌లో 1984లో ఏర్పడిన పిజ్జా సంఘంవారి నియమావళి ప్రకారం లోపలి వేడి నాలుగువందల డిగ్రీలకు పైమాటే. కాలవలసినది 60 మొదలు 90 సెకన్లు మాత్రమే. మన ఇళ్లలోని విద్యుత్ పొయ్యి 250 డిగ్రీలు అందుకుంటే గొప్ప. అంతటి వేడిలో పిండిలోని నీరు ఎండిపోకముందే రొట్టె కాలుతుంది. అందుకే పైకి నల్లమచ్చలు, లోపల మెత్తదనం. పావుగంట కాల్చినది బిస్కత్తు అవుతుంది గాని ఇది కాదు.

పేపెగారి పిజ్జాలలో పేరుపడ్డదానిని ‘తప్పు మార్గరీటా’ అంటారు. మామూలు మార్గరీటాలో టమాటా గుజ్జు పిండిమీద పూసి కాలుస్తారు. ఇక్కడ గేదెపాల మొజరెల్లా మాత్రమే వేసి కాల్చి, వెలుపలికి తీసిన తరువాత చల్లని టమాటా గుజ్జును ఎర్రని చారలుగా, బేసిల్ ఆకు రసాన్ని పచ్చని చుక్కలుగా వేస్తారు. బేసిల్ మరేదో కాదు, మన సబ్జా గింజల మొక్క జాతిదే. మంట సోకలేదు కనుక టమాటా వాసన టమాటాకే మిగిలినది. తప్పు పేరులోనే ఉన్నది; రుచిలో నాకు కనిపించలేదు.

నేపుల్స్ పిజ్జా పనివారి విద్యను యునెస్కో 2017లో మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. సంతోషమే. కాని జాబితా పిండి పిసకదు. డిగ్రీలు, సెకన్లు కాగితంమీద నిలుస్తవి. తడి ఎంత చాలునో వ్రేళ్లకు తెలియడం నిలువదు. అది ఒక కుర్రవాడు పెద్దవాని ప్రక్కన ఏళ్లతరబడి నిలబడితే వచ్చేది. ఆ కుర్రవాడు రైలెక్కితే విద్య అక్కడితో సరి. కయాత్సోలో బట్టీ చుట్టూ పనిచేసేవారిలో యువకులే నాకు ఎక్కువగా కనిపించారు. ఆ ఊరి ఆలివులకు, పొరుగున అలీఫెలో పండే ఉల్లికి కూడా ఆ వంటయింట చోటు దొరికినది.

మన పట్టణాలలో పిజ్జా అట్టపెట్టెలో కూర్చుని స్కూటరుమీద ఇంటికి వస్తుంది. ఇది అలా రాదు. బట్టీనుంచి తీసిన కొద్ది నిమిషాలకే అంచు తోలులా సాగుతుంది, మొజరెల్లా బిగుస్తుంది. కనుక తినదలచినవారే గుట్ట ఎక్కాలి. చీకటిపడ్డాక తిరిగి దిగలేనివారికోసం ఆ భవనంలోనే పై అంతస్తులో గదులున్నవి.